గేమ్ మానకుండా చదువు, నిద్ర, ఇల్లు చూసుకోవడం ఎలా?

"అన్నా, నువ్వు కూడా రోజూ ఆడతావు కదా, మరి బ్యాక్‌లాగ్స్ లేకుండా ఎలా నెట్టుకొస్తున్నావ్?" మా హాస్టల్లో జూనియర్లు ఈ ప్రశ్న అడగని వారం లేదు. సంక్రాంతికి ఊరెళ్తే ఇంటర్ చదివే మా పిన్ని కొడుకు, వాళ్లమ్మ వినకుండా నన్ను డాబా మీదికి తీసుకెళ్లి మరీ ఇదే అడిగాడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా.

నేను హైదరాబాద్‌లో బీటెక్ నాలుగో సంవత్సరం. పదో తరగతి నుంచి ఆడుతున్నా. గేమ్స్ మానేయమని మీకు చెప్పను, నేనూ మానలేదు. పొద్దంతా క్లాసులు, ల్యాబ్‌లు, రికార్డులు అయ్యాక రాత్రి ముగ్గురు ఫ్రెండ్స్‌తో (ఒకడు విజయవాడలో, ఒకడు బెంగళూరులో ఉంటాడు) ఒకే జీపెక్కి మ్యాప్ అంతా తిరగడం నాకు నిజంగా ఇష్టం, ఆ అరగంటలో మేం మాట్లాడుకునేంత మామూలు ఫోన్ కాల్‌లో ఎప్పుడూ మాట్లాడుకోం.

ఇన్నేళ్లలో నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే. ఆటని గంటల్లో కొలవడం మానేసి మ్యాచుల్లో లెక్కపెట్టడం. "ఒక గంట ఆడి లేస్తా" అనుకుంటారు, గంట అయ్యేసరికి మ్యాచ్ మధ్యలో ఉంటారు, మధ్యలో లేస్తే టీమ్ తిడుతుంది, అది పూర్తయ్యేసరికి గంటన్నర, ఎలాగూ లేటయింది కదా అని ఇంకోటి. గంట ఎప్పుడు నిండిందో ఆటకి తెలీదు. మ్యాచ్‌కి మాత్రం ఒక చివర ఉంటుంది, లేవగలిగేది అక్కడే. కింద రాసినవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

కావాల్సినవి

ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో వద్దు, రాయడానికి ఫోన్ తెరిస్తే ఏమవుతుందో మీకూ తెలుసు.

మామూలు అలారం గడియారం. ఫోన్ అలారం పెట్టుకుంటే ఫోన్ దిండు పక్కకే వస్తుంది, ఐదో స్టెప్‌లో దీని అవసరం తెలుస్తుంది.

ఏ యాప్ ఎంతసేపు వాడామో చూపించేది: ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో ఉండే డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్. రెండూ ఫోన్‌తోనే వస్తాయి, వేరే యాప్ ఏదీ ఎక్కించక్కర్లేదు. పీసీలో ఆడేవాళ్లకి స్టీమ్‌లో ఏ గేమ్ ఎన్ని గంటలు ఆడారో లైబ్రరీలోనే కనిపిస్తుంది.

ఐదు వారాల ఓపిక. మొదటి వారం చూడటానికి, మిగతా నాలుగు మార్చడానికి.

చేయాల్సినవి

1. మొదటి వారం ఏమీ మార్చకండి, రాయండి అంతే

ఎప్పుడు కూర్చున్నారు, ఎన్ని మ్యాచులు, ఎప్పుడు లేచారు, ప్రతి మ్యాచ్ ఎందుకు మొదలుపెట్టారు. ఈ నాలుగూ చాలు. నా మొదటి వారంలో ఒక మంగళవారం పేజీ ఇలా ఉంది: "10:05కి కూర్చున్నా. ఒక్కటే అనుకున్నా. 12:40కి లేచా. ఐదు మ్యాచులు. మొదటిది ఆడాలనిపించి. రెండు, మూడు ఓడిపోయినందుకు. నాలుగు గెలిచాం కాబట్టి. ఐదు వాడు అడిగాడని."

అది రాశాక చాలాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నా. ఐదింట్లో నాకు ఆడాలనిపించి ఆడింది మొదటిదొక్కటే. ఇంకో సంగతి కూడా బయటపడింది. రెండున్నర గంటల్లో ముప్పావు గంట దాకా లాబీలోనే, అంటే మ్యాచ్ మొదలయ్యేముందు టీమ్ అంతా చేరే తెరలోనే పోయింది: ఒకడు నీళ్లు తాగి వస్తానంటాడు, ఇంకొకడి నెట్ పోతుంది, ఈలోపు మనం స్కిన్‌లు (ఆటలో వేషాలు, గన్ రంగులు) మార్చి చూసుకుంటూ ఉంటాం. ఆట కూడా కాని ఆ సమయాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, మీరు మాత్రం తీసుకోండి.

హెచ్చరిక: ఈ వారం మంచిపిల్లాడిలా తక్కువ ఆడి రాయకండి. ఎప్పటిలా ఆడితేనే నిజం తెలుస్తుంది.

2. మీరు ఆడే ప్రతి గేమ్ పొడవు తెలుసుకోండి

బీజీఎంఐలో (పబ్‌జీ మొబైల్‌కి ఇండియా వెర్షన్) ఎరాంగెల్ మ్యాప్‌లో క్లాసిక్ మ్యాచ్ చివరిదాకా ఉంటే అరగంట. అది 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న మ్యాప్, ఆటగాళ్లు ఉండాల్సిన సర్కిల్ చిన్నదవుతూ మూసుకోవడానికే అంత పడుతుంది. లివిక్ మ్యాప్ 2 కిలోమీటర్లకి 2 కిలోమీటర్లే, పావుగంటలో తేలిపోతుంది. టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్, రెండు టీములు చిన్న చోట కొట్టుకునేది) పది నిమిషాల లోపే. పీసీలో ఆడే షూటింగ్ గేమ్ వాలరెంట్ మామూలు మ్యాచ్‌లో 13 రౌండ్లు ముందు గెలవాలి, సుమారు 30 నుంచి 40 నిమిషాలు, 12-12 అయితే ఇంకా సాగుతుంది. అందులోనే స్పైక్ రష్ అనే చిన్న మోడ్‌లో 4 రౌండ్లు గెలిస్తే చాలు, పది నిమిషాల పని. ఆన్‌లైన్ చెస్‌లో చెరో 10 నిమిషాల గేమ్ ఎంత లాగినా 20 నిమిషాలు దాటదు. కథ ఉండే ఆఫ్‌లైన్ గేమ్స్‌ని చాలావరకు ఎప్పుడు కావాలంటే అప్పుడు పాజ్ చేయొచ్చు, ఇంట్లో పనులున్న రోజుకి వాటికి మించినవి లేవు.

ఇక్కడ లెక్క ఏంటంటే, మీకు ఉన్న ఖాళీ మ్యాచ్ పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. అరగంట మ్యాచ్‌కి 45 నిమిషాలు. ఆ మిగిలిన పావుగంట లాబీకి, ఓవర్‌టైమ్‌కి, గెలిచాక కేకలేసుకోవడానికి.

మా ఇంట్లో గొడవలన్నీ ఈ లెక్క తెలియక వచ్చినవే. ఎనిమిదింటికి అమ్మ అన్నం పెడుతుందని తెలిసీ ఏడూ నలభైకి ఎరాంగెల్ ఎక్కేవాణ్ణి. ఆఖరి సర్కిల్‌లో గడ్డిలో పాకుతుంటే వంటింట్లోంచి "అన్నం చల్లారిపోతోంది రా" అని ఒకటి, ఇంకో నిమిషానికి గట్టిగా ఇంకొకటి, ఆ తర్వాత నాన్న గొంతు. వాళ్ల తప్పేం లేదు, నేనే చిన్న ఖాళీలో పెద్ద మ్యాచ్ ఇరికించాను. అదే టైమ్‌లో ఒక టీడీఎం ఆడి ఎనిమిదికి కంచం ముందు కూర్చునేవాణ్ణి కదా అని ఇప్పుడనిపిస్తుంది.

3. యాప్ తెరవకముందే అంకె రాయండి

నోట్‌బుక్‌లో ఆ రోజు తేదీ, పక్కన "2" అనో "3" అనో. క్లాసులున్న రోజు నాకు రెండు, శనివారం నాలుగు. మీ అంకె మీది, మొదటి వారం సగటుకి సగం దగ్గర మొదలుపెడితే సరిపోతుంది. ఒక్కసారే ఐదు నుంచి ఒకటికి దిగితే మూడో రోజుకే పద్ధతి మూలన పడుతుంది.

రాసిన అంకె ఆట మధ్యలో మారదు. గెలిచినా మారదు, ఓడినా మారదు. ఓడినప్పుడే కష్టం, "ఒక్కటి గెలిచి పడుకుంటా" అనిపిస్తుంది. కానీ కోపంగా ఆడే మ్యాచ్‌లో ఎయిమ్ కూడా సరిగ్గా ఉండదు, ఇది మీరే మీ నోట్‌బుక్‌లో చూస్తారు. అందుకే ఇంకో చిన్న రూల్: వరుసగా రెండు ఓడితే, అంకెలో ఇంకా మిగిలున్నా ఆ రోజుకి ఆపేయండి. మిగిలినవి రేపటికి కలపొద్దు.

లేవగానే చేసే పని ఒకటి ముందే సిద్ధంగా పెట్టుకోండి. నాకు బాటిల్ నింపుకురావడం. ఖాళీ బాటిల్ మంచం మీద ఎదురుగా పెట్టుకుని కూర్చుంటా, ఆఖరి మ్యాచ్ అవగానే అది తీసుకుని కారిడార్ చివర కూలర్ దాకా నడుస్తా. తిరిగొచ్చేసరికి సగం ఊపు తగ్గిపోతుంది. ఊరికే "లేవాలి" అనుకుంటే లేవలేం, చేతికి ఒక పని కావాలి.

4. చదువు మధ్యలో బ్రేక్‌గా గేమ్ పెట్టకండి

జూనియర్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే అని నా అభిప్రాయం. ఒక టాపిక్ చదివి, "రిఫ్రెష్ అవుతా" అని ఒక మ్యాచ్ ఆడి, మళ్లీ పుస్తకం తెరుస్తారు. పుస్తకం తెరుచుకుంటుంది కానీ తల అక్కడ ఉండదు, ఆ చివరి ఫైట్‌లో గ్రెనేడ్ ఎందుకు వేయలేదా అనే తిరుగుతూ ఉంటుంది. మధ్యలో బ్రేక్ కావాలంటే లేచి నడవండి, టీ తాగండి, కిటికీలోంచి దూరంగా చూడండి. గేమ్ ఆ రోజు చదువు మొత్తం అయ్యాకే.

ప్రత్యామ్నాయం: పొద్దున్నే బాగా చదవగలిగేవాళ్లు సాయంత్రం ఆడేసి తొందరగా పడుకుని, నాలుగున్నరకో ఐదుకో లేవచ్చు. కానీ నిజంగా లేచే అలవాటు ఉంటేనే.

5. ఆఖరి మ్యాచ్‌కీ నిద్రకీ మధ్య ఒక గంట వదలండి

మ్యాచ్ అయిన వెంటనే పడుకుంటే కళ్లు మూసుకున్నా గుండె ఇంకా పరిగెడుతూనే ఉంటుంది. నేను పడుకునేది పదకొండున్నరకి, కాబట్టి పదిన్నర తర్వాత లాబీలో ఉండను. ఫోన్ గదిలో అవతలి మూల ప్లగ్‌లో చార్జింగ్ పెడతా, అలారం గడియారం నా దగ్గర ఉంటుంది. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో బెడ్‌టైమ్ మోడ్ పెడితే ఆ టైమ్‌కి స్క్రీన్ నలుపు తెలుపులోకి మారిపోతుంది, రంగులు లేని గేమ్ మీద మనసు అంతగా పోదు.

యాప్ టైమర్ కూడా పెట్టొచ్చు, కానీ దాన్నే నమ్ముకోకండి. టైమ్ అవగానే అది మ్యాచ్ మధ్యలోనే యాప్ మూసేస్తుంది, చిరాకొచ్చి సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీరే తీసేస్తారు. పెడితే మీ మ్యాచుల లెక్కకి ఇంకో ఇరవై నిమిషాలు కలిపి పెట్టండి.

6. ఇంట్లోవాళ్లకీ టీమ్‌కీ ముందే చెప్పండి

"ఐదు నిమిషాలమ్మా" అనే మాట ఇవాళ్టి నుంచి మానేయండి. ఆ ఐదు నిమిషాలు ఎప్పుడూ ఐదు కావు, అది విని విని వాళ్లకి మన మాట మీద నమ్మకం పోయింది. దాని బదులు టైమ్ చెప్పండి: "అమ్మా, ఇది మధ్యలో ఆగదు, వదిలేస్తే మిగతా ముగ్గురూ ఓడిపోతారు. ఎనిమిదింపావుకి అయిపోతుంది, వస్తా." చెప్పాక ఎనిమిదింపావుకి వెళ్లండి. ఆటలో ముందే చచ్చిపోతే ఇంకోటి మొదలుపెట్టకుండా ఇంకా ముందే వెళ్లండి. రెండు వారాలు ఇలా మాట నిలబెట్టుకుంటే ఇంట్లో వాతావరణం మారిపోతుంది. ఈమధ్య సెలవులకి వెళ్లినప్పుడు మా అమ్మ గది గుమ్మంలో నిలబడి "ఇది ఎన్నోది రా? ఆఖరిదేనా?" అని అడిగింది. ఔనన్నా. "సరే, అయితే అప్పుడే పప్పు వేడిచేస్తా" అని వెళ్లింది.

టీమ్‌కి కూడా అంతే. గ్రూప్‌లో ఒక్క మెసేజ్: "తొమ్మిదికి, రెండు మ్యాచులు, అయ్యాక వెళ్లిపోతా." మొదట్లో ఎగతాళి చేస్తారు, ఫర్వాలేదు. మా వాళ్లలో ఒకడు వారం తర్వాత "నాకూ రెండే" అన్నాడు, ఎవరో ఒకరు ముందు అనాలని ఎదురుచూస్తున్నట్టు.

7. డబ్బుకి వేరే అంకె

నెలకి ఇంత అని ముందే అనుకోండి, అది మీ సొంత పాకెట్ మనీలోంచే. అమ్మానాన్నల ఫోన్‌లో యూపీఐ వాడి యూసీ (బీజీఎంఐ లోపల వాడే డబ్బు) కొనడం, ఫ్రెండ్ దగ్గర అప్పు చేయడం వద్దు. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్లి నెలనెలా ఏవైనా కట్ అవుతున్నాయేమో ఈరోజే చూడండి. మిషన్లు పూర్తిచేస్తే బహుమతులిచ్చే పాస్ కొనేముందు ఒకటి గుర్తుంచుకోండి, దాని ఖరీదు డబ్బుతో ఆగదు: కొన్నాం కాబట్టి మిషన్లు పూర్తిచేయాలని రోజూ ఎక్కుతాం, మూడో స్టెప్‌లో రాసుకున్న అంకెని మొదట తినేసేది అదే. ఎక్కువ లెవెల్ ఐడీ (గేమ్ అకౌంట్) అమ్ముతామని మెసేజ్ పెట్టేవాళ్ల జోలికి అసలు పోకండి, డబ్బూ పోతుంది, ఐడీ కూడా పాత ఓనర్ వెనక్కి లాక్కుంటాడు.

డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలు ఈ లెక్కలోకే రావు. ఆన్‌లైన్ రమ్మీలాంటి వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో దేశం మొత్తానికి డబ్బు ఆటలని ఆపే చట్టాన్ని పార్లమెంటు చేసింది. ఎవరైనా లింక్ పంపి "వందకి వెయ్యి" అంటే నోట్‌బుక్, పద్ధతి ఏవీ అక్కర్లేదు, బ్లాక్ చేయండి.

8. మిడ్స్ టైమ్‌టేబుల్ పక్కనే సీజన్ ఆఖరి తేదీ రాసుకోండి

ఇది నాకు దెబ్బ తగిలాక నేర్చుకున్నది. సెకండ్ ఇయర్‌లో రెండో మిడ్ పరీక్ష, గేమ్‌లో ర్యాంకుల సీజన్ ముగింపు ఒకే వారంలో పడ్డాయి. నేను క్రౌన్ ర్యాంక్‌లో ఉన్నా, దాని పైనున్న ఏస్‌కి కొద్ది పాయింట్లే తక్కువ. పరీక్ష ముందు రాత్రి మూడున్నర దాకా ఆడి ఏస్ కొట్టా. పొద్దున హాల్లో కూర్చుంటే ముందురోజు చదివిన సూత్రమే, సగం దాకా రాసి ఆగిపోయా, మిగతా సగం రాలేదు. పెన్ను పట్టుకుని ఆ సగం లైన్‌ని చూస్తూ కూర్చోవడం ఇంకా గుర్తుంది. కొత్త సీజన్ మొదలవగానే ర్యాంక్ ఎలాగూ కిందికి దింపేశారు. ఇంటర్నల్ మార్కులు మాత్రం అలాగే ఉండిపోయాయి, ఆ లోటు ఎక్స్‌టర్నల్‌లో పూడ్చుకోవడానికి నానా తిప్పలు పడ్డా.

కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే రెండు తేదీలూ పక్కపక్కన రాసుకోండి. గుద్దుకుంటే ర్యాంక్ పుష్ (ర్యాంక్ పెంచుకోవడానికి వరుసగా ఆడటం) రెండు వారాల ముందే ముగించేయండి, లేదా ఆ సీజన్‌కి ర్యాంక్ వదిలేయండి. పరీక్షల వారంలో నేను రోజుకి ఒక్క టీడీఎం ఆడతా, అంతే. ఒక్కటితో ఆగలేనివాళ్లు ఆ వారం ఐడీ లాగౌట్ చేసి పాస్‌వర్డ్ నమ్మకమైన ఫ్రెండ్‌తో మార్పించుకోండి. అటెండెన్స్ 75 శాతం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, రాత్రి మ్యాచుల వల్ల పోయేవి ఎప్పుడూ ఫస్ట్ అవర్ క్లాసులే, ఒకటే సబ్జెక్టు వారానికి రెండుసార్లు ఫస్ట్ అవర్ ఉంటే అందులో మీకు తెలియకుండానే తగ్గిపోతుంది.

ఎక్కువమంది చేసే తప్పులు

ఆవేశంలో అన్‌ఇన్‌స్టాల్ చేయడం. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ బ్యాన్ అయినప్పుడు నాకు ఇంటర్ ఆన్‌లైన్ క్లాసులు. గేమ్ పోయింది కదా, టైమ్ మిగలాలి. మిగల్లేదు, ఆ వారంలోనే ఫ్రీ ఫైర్‌లోకి వెళ్లాం. 2022 జులైలో బీజీఎంఐని స్టోర్ల నుంచి తీసేసినప్పుడు కూడా అంతే, 2023 మేలో తిరిగొచ్చేదాకా ఆ గంటలన్నీ రీల్స్‌కి పోయాయి. తీసేసిన చోట ఏం పెట్టాలో ముందే అనుకోకపోతే ఖాళీ ఊరికే ఉండదు.

స్ట్రీమ్స్ చూడటాన్ని లెక్కలో వేయకపోవడం. "ఇవాళ ఆడలేదు" అంటాడు, రెండు గంటలు టోర్నమెంట్ లైవ్ చూసి ఉంటాడు. అరగంట చూస్తే ఒక మ్యాచ్ అని రాయండి.

గేమ్ పెట్టిన పరిమితిని సొంత పరిమితి అనుకోవడం. బీజీఎంఐ తిరిగొచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి రోజుకి 3 గంటలు, పెద్దవాళ్లకి 6 గంటలు అని పెట్టారు. ఆరు గంటలు ఆడే స్టూడెంట్‌కి రోజులో ఏం మిగులుతుందో మీరే కూడండి.

పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి

ప్రతి ఆదివారం పది నిమిషాలు. నోట్‌బుక్‌లో ఉన్న మ్యాచుల్ని వాటి పొడవుతో గుణించండి, ఫోన్‌లో ఆ గేమ్ చూపించే నిమిషాలతో పోల్చండి. పద్నాలుగు మ్యాచులు, ఒక్కోటి అరగంట, అంటే 7 గంటలు. లాబీ కలిపి ఫోన్ 8 గంటల పైచిలుకు చూపిస్తే ఫర్వాలేదు. 13 చూపిస్తే మీరు కొన్ని రాయడం లేదు. ఎవరూ అడగరు కాబట్టి దాచక్కర్లేదు, వచ్చేవారం సరిగ్గా రాయండి.

దాని తర్వాత మూడు ప్రశ్నలు: ఈ వారం ఎన్ని రోజులు మెస్‌లో టిఫిన్ దొరికే టైమ్‌కి లేచాను? ఏ సబ్జెక్టులో వెనకబడ్డాను? ఇంటికి ఎన్నిసార్లు నేనుగా ఫోన్ చేశాను? మొదటి దాంట్లో మార్పు రెండు వారాల్లోనే కనిపిస్తుంది. నాకైతే మొదట తెలిసింది ఇడ్లీ వల్లే, అంతకుముందు సెమిస్టర్ మొత్తంలో మెస్ ఇడ్లీ వేడిగా తిన్న గుర్తు లేదు.

నాలుగు వారాలు నిజాయితీగా చేసినా రాసుకున్న అంకె దగ్గర ఒక్కసారి కూడా ఆగలేకపోతే, గేమ్ కోసం తిండి, స్నానం, క్లాసులు వదిలేస్తుంటే, నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా ఆపలేకపోతుంటే, ఈ పద్ధతి మీకు సరిపోదు. అది మీ బద్ధకం అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన జబ్బుల జాబితాలో దీన్ని గేమింగ్ డిజార్డర్ అని చేర్చింది. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ టైమ్‌లోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో ఇలాంటి వాటికోసమే షట్ క్లినిక్ అని 2014 నుంచి నడుస్తోంది. మా ఫ్లోర్‌లో ఒక అబ్బాయి మొదటి కాల్ నా గదిలో కూర్చునే చేశాడు. నంబర్ నొక్కడానికి ముందు చాలాసేపు ఫోన్ చేతిలో తిప్పుతూ ఉన్నాడు, నేను పక్కన రికార్డు రాసుకుంటూ కూర్చున్నా. మీ ఫ్రెండ్ ఎవరైనా ఆ పరిస్థితిలో ఉంటే నంబర్ పంపి వదిలేయకండి, ఆ కాల్ అయ్యేదాకా గదిలో ఉండండి.